గడ్డం మొక్కు

పట్టు పట్టడంలో మనవాళ్ళని మించినవాళ్ళు లేరనుకుంటాం. హంగరీవాళ్ళతో పరిచయం లేక అలా అనుకుంటాం. మస్కట్ పక్కన అల్ మవాలేలో ఒక విల్లాలో ఇష్త్వాన్ అనే హంగరీ పెద్దాయన ఉండేవాడు. డెబ్భై దాటిన మనిషి, తన దేశంలో ఆవిరి ఇంజన్లు నడిపి రిటైరైన డ్రైవరు. రెండువేల తొమ్మిది సెప్టెంబరులో ఆయన ఉన్నట్టుండి గడ్డం గీసుకోవడం మానేశాడు. కూతురు జూడిత్ బతిమాలింది, కసిరింది, చివరికి నాలుగు రోజులు మాట్లాడకుండా కూడా ఉంది. రేజరు పట్టుకుని ఎవరు దగ్గరికొచ్చినా తల అడ్డంగా ఊపడమే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

గడ్డం పెరిగితే ఎవరికేం నష్టమనిపిస్తుంది. నష్టం ఉంది. ఆయన దవడ కింద, మెడ మీద రేగిపండంత గడ్డ ఒకటి లేచింది. చలికాలం వచ్చేసరికి అది నిమ్మకాయంత అయింది. కోసి తీసేయాలి, నాన్చితే మంచిది కాదని డాక్టరు చెప్పాడు. కోయాలంటే ముందు గడ్డం గీయాలి. పెద్దాయన ఏమో, గడ్డం తీసే రోజు తానే చెప్తానని, అప్పటిదాకా ఆసుపత్రి గడప తొక్కనని కూర్చున్నాడు. ముసలితనంలో మతి చలించిందేమోనని జూడిత్ లోలోపల కుమిలిపోయింది.

ఆ ఇంట్లో వంటా వార్పూ, పెద్దాయన మంచీచెడూ చూసే కాశమ్మకి మాత్రం అది మతి చలించడంలా కనిపించలేదు. ఆమెది కడప జిల్లా నందలూరు. జుట్టూ గడ్డమూ పెంచుకుని, కత్తి చూస్తే పారిపోయే మగవాళ్ళని ఆమె పుట్టినప్పటినుంచీ చూస్తోంది. ఇది మొక్కు. ఎవరికి మొక్కాడు, ఎందుకు మొక్కాడు అన్నదే తెలియాలి.

"మొక్కు ఉంటే ఉన్నట్టు చెప్పొచ్చు గదక్కా, మేడమ్ ఊరికే ఏడుస్తాంది," అన్నాడు జిలాని. అతను ఆ ఇంటి డ్రైవరు, రాయచోటి మనిషి.

"మొక్కు బయటికి చెప్తే ఫలం పోతాది. ఆ మాత్రం తెలీదా నీకు?"

"తెల్లోళ్ళకు గూడా అంతేనా?"

"మొక్కుకు తెల్లోడేంది, నల్లోడేంది!" అని ఆమె ఉల్లిపాయలు తరగడంలో పడింది.

కాశమ్మకీ పెద్దాయనకీ చనువు కుదిరిన తీరు కూడా చెప్పుకోవాలి. ఆయన గదిలో గోడకి ఒక ఫోటో ఉండేది. నల్లటి ఆవిరి ఇంజను, దాని మెట్టు మీద ఒక కాలు పెట్టి మీసాల కుర్రాడు. పనిలో చేరిన కొత్తల్లో కాశమ్మ ఆ ఫోటో తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది. ఆమె తండ్రి ఓబయ్య నందలూరు లోకోషెడ్డులో ఫైర్‌మన్. డీజిల్ ఇంజన్లు వచ్చి షెడ్డు మూతపడేదాకా బొగ్గు వేసి వేసి ఆయన భుజాలు వంగిపోయాయి. ఆ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక కాశమ్మ చీపురుని పారలా పట్టుకుని, ఎదురుగా కొలిమి ఉన్నట్టు బొగ్గు వేసి చూపించింది. తర్వాత గుండె మీద చెయ్యి పెట్టుకుని "నాయన" అంది. పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఒక రైల్వే మనిషి కూతురికి ఇంకో రైల్వే మనిషి లేచి నిలబడి ఇచ్చిన మర్యాద అది. రైలన్నదే లేని దేశంలో ఆ ఇద్దరూ అలా బంధువులయ్యారు.

ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు కలిపితే ఒక మనిషికి బొటాబొటిగా సరిపోయేది. మాట దొరకనిచోట ఆయన తన భాషలో, ఈమె తెలుగులో లాగించేవాళ్ళు. జూడిత్ పిలిచినట్టే కాశమ్మ కూడా ఆయన్ని "అపూ" అని పిలిచింది. అది పేరు కాదనీ, వాళ్ళ భాషలో నాన్న అనీ తెలిసేసరికి నాలుకకి అలవాటైపోయింది. ఆయనా వద్దనలేదు.

మొక్కు సంగతి కూడా ఆయనే ఒక పొద్దున మెంతికూర ఒలిచి పెడుతూ చెప్పాడు. ఆయన ఊరు దెబ్రెత్సెన్. అక్కడ రైల్వేవాళ్ళదిగా పేరుపడ్డ ఫుట్‌బాల్ క్లబ్బు ఒకటుంది. ఎరుపూ తెలుపూ వాళ్ళ రంగులు, ముద్దుపేరు "లోకి". పంతొమ్మిది వందల రెండులో పుట్టింది. పుట్టిందన్న మాటే గానీ, కింది తరగతికి జారడం, మళ్ళీ పాకుతూ పైకి రావడం, అంతే దాని బతుకు. రాజధాని క్లబ్బులు కప్పులు పంచుకుంటుంటే వీళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. దేశంలో మొదటి స్థానం అందుకోవడానికి వాళ్ళకి నూటమూడేళ్ళు పట్టింది. ఆయన తండ్రి చూడలేదు, తాత చూడలేదు, ఈయన చూశాడు. చూసిన తర్వాత ఇక ఆగిందా! ఐదేళ్ళలో నాలుగుసార్లు వాళ్ళే మొదట. ఇప్పుడు యూరప్ మొత్తంలో పెద్ద పెద్ద జట్లు ఆడే పోటీకి గెలిచి మరీ వెళ్ళారు. హంగరీ నుంచి ఒక జట్టు ఆ మెట్టు ఎక్కి పద్నాలుగేళ్ళయింది. అప్పుడెక్కింది రాజధానివాళ్ళ ఆకుపచ్చ చొక్కాల క్లబ్బు. దాని పేరు మాత్రం ఆయన పలకడు. ఆకుపచ్చ రంగంటేనే ఆయనకి పడదు. ఇంట్లో ఆకుపచ్చ తువ్వాలుంటే దాన్ని బీరువా అడుక్కి తోసేసేవాడు. సిగ్నల్ దీపంలోనూ కొత్తిమీరలోనూ తప్ప ఆ రంగుని ఆయన క్షమించలేదు.

పెద్ద జట్లతో ఆరు ఆటలు. గెలుస్తారన్న ఆశ లేదు. ఒక్క పాయింటు వస్తే చాలు, అంటే ఒక్క ఆట సమానంగా ముగిసినా చాలు. అది వచ్చేదాకా గడ్డం ముట్టనని ఆయన మొక్కుకున్నాడు.

"ఒగటే గదా? వస్తాది లే అపూ," అంది కాశమ్మ. ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియదు కాబట్టి అంత ధీమాగా అనగలిగింది. ఫలం పోతుందేమోనని భయపడుతూనే ఆ సంగతి జూడిత్‌కీ జిలానికీ చేరవేసింది.

ఆటలు అక్కడ సాయంత్రం మొదలైతే ఇక్కడ నిద్రవేళ. డాక్టరు జాగారం వద్దన్నాడు గనక మర్నాడు పొద్దున టీవీలో మళ్ళీ వేసేది చూడటమే ఏర్పాటు. అప్పటిదాకా ఫలితం ఎవరూ ఆయన చెవిన వేయకూడదు. జిలానికి ఫోనులో ముందే తెలిసిపోయేది. అతని మొహం ఏ రహస్యాన్నీ దాచుకోలేదు. మొదటి ఆట మర్నాడు అతను తలుపు తీసి లోపలికి రాగానే పెద్దాయన ఆ మొహం చూసి, టీవీ పెట్టకముందే నిట్టూర్చాడు. ఇంగ్లండులో ఒక్క గోలుతో ఓడారు. ఆ తర్వాత ఆట ఉన్న మర్నాడల్లా జిలాని నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వచ్చేవాడు. ఇంట్లో కూడా తీసేవాడు కాదు.

రెండో ఆటలో ఫ్రాన్సువాళ్ళు నాలుగు కొట్టారు. మూడోది ఇటలీవాళ్ళతో. కాఫీ చల్లారకముందే మొదటి గోలు లోకిదే! పెద్దాయన కుర్చీ చేతుల్ని చరిచాడు. కాశమ్మ గరిటెతో పరిగెత్తుకొచ్చింది. చివరికి మూడు కొట్టి నాలుగు తిన్నారు. నాలుగో ఆటలో రెండు కొట్టి ఐదు తిన్నారు. ఐదోది మళ్ళీ ఇంగ్లండువాళ్ళతో, ఆట మొదలవుతూనే ఒక గోలు తిని, మిగతా ఆటంతా దాన్ని తీర్చలేక ఓడారు. గడ్డం గుండెల దాకా వచ్చింది. గడ్డ దాని చాటున పెరుగుతూనే ఉంది.

ఆ రోజు జూడిత్ వంటింట్లో బల్ల దగ్గర కూలబడింది. చమురు కంపెనీలో పెద్ద ఇంజనీరు ఆమె. మగవాళ్ళతో నిండిన ఆఫీసులో గొంతు తగ్గించని మనిషి.

"మా అమ్మ కూడా చిన్న ఆపరేషన్ అనే వెళ్ళింది, కాశమ్మా," అందామె. "సాయంత్రానికి ఇంటికొచ్చేస్తానంది. రాలేదు. అప్పుడు నాన్న బయట బెంచీ మీదే కూర్చుని ఉన్నాడు."

కాశమ్మ చేతిలో పని ఆగిపోయింది. ఇన్నాళ్ళూ మొక్కే చూసింది గానీ మొక్కు వెనకాల ఉన్న భయాన్ని చూడలేదు. ముసలాయన ఫుట్‌బాల్ చాటున దాక్కున్నాడు. పాయింటు రాదని ఆయనకి లోపల తెలుసు. రాకపోతే వెళ్ళక్కర్లేదు. పైగా అది మొక్కు కాబట్టి పిరికివాడని ఎవరూ అనలేరు. ఆ సంగతి అర్థమవగానే కాశమ్మకి ఆయన మీద కోపం రావాలి. రాలేదు.

ఆపరేషన్ తేదీ చివరి ఆట తర్వాతి వారానికి ఖాయం చేశారు. ఆ గడువు దాటితే తన చేతుల్లో ఉండదని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు.

నందలూరులో సౌమ్యనాథస్వామి గుడి ఉంది. అక్కడొక ఆనవాయితీ. ఏదైనా కోరుకుంటే గుడి చుట్టూ తొమ్మిది ప్రదక్షిణలు చేస్తారు. కోరిక తీరితే మళ్ళీ వచ్చి నూటఎనిమిది చేస్తారు. అడిగేటప్పుడు తక్కువ, చెల్లించేటప్పుడు ఎక్కువ. మనుషులు సాధారణంగా దీనికి తలకిందులుగా చేస్తారు, అందుకే పెద్దవాళ్ళు లెక్క అలా పెట్టి ఉంటారు. ఇక్కడ గుడి ఎక్కడినుంచి తేవాలి? చివరి ఆటకి ముందు శనివారం కాశమ్మ తెల్లవారగానే తలస్నానం చేసి, తడిబట్టలతో, విల్లా చుట్టూనే తిరిగింది. నీళ్ళ ట్యాంకు, ఏసీ డబ్బాలు, కాగితంపూల కంచె, కారు షెడ్డు దాటుకుంటూ చేతులు జోడించి నడిచింది.

"అక్కా, సౌమ్యనాథసామికి ఫుట్‌బాల్ తెలుసునంటావా?" అన్నాడు జిలాని కారు తుడుస్తూ.

"తిరిగేటప్పుడు మాట్లాడీకప్పా!"

"సరే సరే. నేను గూడా కడప పెద్ద దర్గాకు చాదర్ మొక్కుకున్నాలే. ఇద్దరూ కలిస్తే ఒగ పాయింటు రాదా?"

కిటికీలోంచి పెద్దాయన ఇదంతా చూశాడు. తర్వాత పిలిచి, ఎందుకు తిరిగావని అడిగాడు. తొమ్మిది అంటే అడగడం, నూటఎనిమిది అంటే చెల్లించడం అని కాశమ్మ వేళ్ళ మీద చెప్పింది.

"లోకి కోసం అడిగావా? పాయింటు?" ఆయన కళ్ళు మెరిశాయి.

కాశమ్మ తలూపింది. ఊపింది గానీ, ఆ క్షణం నుంచి ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. దేవుడికి మొక్కిన సంగతి దేవుడికీ తనకీ తెలుసు.

చివరి ఆట మర్నాడు జూడిత్ ఆఫీసుకి వెళ్ళలేదు. జిలాని నల్లకళ్ళద్దాలతో వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. పెద్దాయన ఎర్రని, తెల్లని చారల ఉన్ని మఫ్లర్ మెడకి చుట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఆ ఫ్రాన్సువాళ్ళే. ఒకటి పడింది. కాసేపటికి రెండు. జూడిత్ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మూడు. నాలుగు. ఆరు ఆటలు, ఆరూ ఓటమే. పాయింటు సున్నా. పెద్దాయన మాత్రం చివరి ఈల దాకా కదలకుండా చూశాడు. ఆటగాళ్ళు తమతో వచ్చిన కొద్దిమంది జనం దగ్గరికి నడిచి చప్పట్లు కొడుతుంటే, ఆయన కూడా టీవీకి చప్పట్లు కొట్టాడు. తర్వాత టీవీ కట్టేశాడు.

వంటింట్లో జూడిత్ కొంగులేని ఆడది కాబట్టి పేపరు న్యాప్‌కిన్‌తో కళ్ళు ఒత్తుకుంటోంది. "అయిపోయింది కాశమ్మా. ఇక ఆసుపత్రికి రాడు."

స్వామి కూడా చెయ్యి విడిచాడని కాశమ్మకి మొదటిసారి అనిపించింది. అంతలో ముందు తలుపు చప్పుడైంది. చూస్తే గది ఖాళీ.

పరుగున బయటికొచ్చింది. పెద్దాయన గోడకి చెయ్యి ఆనించుకుంటూ ఇంటి మూల తిరుగుతున్నాడు. ఎటు పోతున్నాడోనని వెంటపడింది. ఆయన ట్యాంకు దాటాడు, ఏసీ డబ్బాలు దాటాడు, కాగితంపూల కంచె దాటి, కారు షెడ్డు ముందునుంచి మళ్ళీ గుమ్మం దగ్గరికొచ్చాడు. ఆగకుండా మళ్ళీ మొదలుపెట్టాడు. మెడలో మఫ్లర్, ఈసారి జోడించిన చేతులు. జోడించడం సరిగ్గా రాలేదు, ఒక బొటనవేలు పక్కకి పోయింది.

"యాడికి అపూ?" అంది కాశమ్మ పక్కన నడుస్తూ. "తొమ్మిదా? ఇంగ ఆటలు లేవు గదయ్యా, ఏం అడుగుతాండావు?"

"తొమ్మిది కాదు," అన్నాడు పెద్దాయన. "నూటఎనిమిది."

కాశమ్మ నిలబడిపోయింది. "పాయింటు రాలేదు గదా!"

ఆయన ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఉన్న ఇంగ్లీషంతా పోగుచేసుకుని, చేతులతో చెప్పాడు. చిన్నప్పుడు తండ్రి భుజాల మీద కూర్చుని చూసిన జట్టు. వాన, బురద, ఓటమి. రైలు దిగి మసి మొహాలతో మైదానానికి వచ్చే జనం. వాళ్ళ పిల్లలు, పిల్లల పిల్లలు. నూటఏడేళ్ళు. అంతటి పెద్దవాళ్ళ ముంగిట్లో, అంత వెలుగులో, మనవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చదివారు. ఐదు గోల్స్ కొట్టారు. చివరిదాకా పరిగెత్తారు.

"వచ్చారు కాశమ్మా," అన్నాడు. "నేను తప్పు అడిగాను. రావడమే నేను అడగాల్సింది. అది ముందే ఇచ్చేశారు." గడ్డం లోపలికి వేళ్ళు పోనిచ్చి ఆ గడ్డని తడుముకున్నాడు. "నాకు భయం. అందుకే పాయింటు, పాయింటు అన్నాను."

కాశమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆయన అడుగులో అడుగేసింది.

అన్ని ప్రదక్షిణలు ఆ కాళ్ళతో అయ్యేవి కావు. కొన్ని తిరిగేసరికే ఒగర్పు వచ్చి, జిలాని తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాడు. అయినా లేవబోయాడు. ఆగిపోతే లెక్క చెడుతుందని గుమ్మంలో నిలబడి చూస్తున్న కూతురితో వాళ్ళ భాషలో ఏదో మొరపెట్టుకున్నాడు.

"పెద్దోళ్ళు తిరగలేకపోతే బిడ్డలు తిరుగుతారు మేడమ్. మా ఊర్లో అంతే," అంది కాశమ్మ. అది తెలుగులో అందో ఇంగ్లీషులో అందో ఆమెకే తెలియదు. జూడిత్‌కి మాత్రం అర్థమైంది. చెప్పులు విడిచి, తండ్రి మెడలోని మఫ్లర్ తీసి తన మెడలో వేసుకుని, నడక మొదలుపెట్టింది. ఆమె ఇంటి వెనక మలుపు తిరిగాక పెద్దాయన కాశమ్మవైపు చూసి, దవడ మీద చేత్తో గీసి చూపించాడు.

రేజరు, గిన్నెలో వేడినీళ్ళు, సబ్బునురగ వచ్చాయి. తండ్రి చివరి రోజుల్లో గడ్డం గీసిన చెయ్యి కాశమ్మది. గడ్డ ఉన్న చోట తన వేలిని అడ్డం పెట్టి, పసిబిడ్డకి చేసినట్టు చేసింది. తెల్లని వెంట్రుకలు ఒళ్ళో పడుతుంటే కిందనుంచి ఫోటోలోని మీసాల కుర్రాడి దవడ కొంచెం కొంచెంగా బయటికొచ్చింది.

"ఆసుపత్రికి నువ్వు కూడా వస్తావా?" అని అడిగాడు.

"రాకుండా! తలుపుకాడనే కూర్చునుంటా. నువ్వు బయటికొచ్చేదాకా లేస్తే ఒట్టు."

అన్నాక ఇక దాచుకోలేకపోయింది. "అపూ, నీకు ఒగటి చెప్పాల. ఆ పొద్దు నేను తిరిగింది పాయింటు కోసం గాదు. ఆ సామికి గోలు పని యాడ చెప్పేది! నీ గడ్డం దిగల్ల, నువ్వు ఆపరేషన్‌కు ఒప్పుకోవల్ల, అంతే అడిగినా."

మాటలు చాలక రేజరు చూపించింది, ఆయన దవడ చూపించింది, ఆకాశం చూపించింది. పెద్దాయనకి అర్థమవడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక నురగ మొహంతో పగలబడి నవ్వాడు. కత్తి తగులుతుందని కాశమ్మ కేకలేసింది. నవ్వి నవ్వి చివరికి ఆయన ఆమె చెయ్యి తీసుకుని, సబ్బు అంటిన తన చెంపకి ఆనించుకున్నాడు.

"అయితే నీకు వచ్చింది పాయింటు," అన్నాడు.

"వచ్చింది. వస్తే చెల్లించల్ల గదా."

మొహం తుడవడానికి జిలాని బీరువా అడుగునుంచి చేతికందిన తువ్వాలు లాక్కొచ్చాడు. ఆకుపచ్చది! కాశమ్మ నాలిక కరుచుకుంది. పెద్దాయన దాన్ని చూసి ముక్కు విరిచాడు గానీ, దాంతోనే తుడుచుకున్నాడు.

కాశమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని జూడిత్ వెనకాలే నడక అందుకుంది. డిసెంబరు ఎండ మెత్తగా ఉంది. చిన్నప్పుడు ఊరి పక్క చెయ్యేరు నది వంతెన మీద నాన్న ఇంజను కూత వినిపిస్తే అమ్మ ఎసరు పెట్టేది. ఒక పొడుగు, రెండు పొట్టి. ఆ కూత విని ఎన్నేళ్ళయిందో. మొదటి చుట్టు పూర్తికావస్తూ కారు షెడ్డు మలుపులోకి వచ్చేసరికి అది దానంతటదే ఆమె నోట్లోంచి వచ్చేసింది. ఒక పొడుగు, రెండు పొట్టి. జిలాని కళ్ళద్దాలు తీసేసి నోరు తెరిచాడు.

పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. నున్నని మొహంతో, రైలు దాటిపోయేటప్పుడు ప్లాట్‌ఫారం మీద స్టేషన్ మాస్టరు నిలబడేలాగే నిలబడి, ఆ ఆకుపచ్చ తువ్వాలుని చెయ్యి చాచి ఊపాడు. దారి ఖాళీగా ఉంది, వెళ్ళమని. కాశమ్మ కూత పెట్టుకుంటూ ఆయన్ని దాటి వెళ్ళింది. మళ్ళీ తిరిగి వచ్చేసరికి తువ్వాలు పైకెత్తే ఉంది.